టెస్ట్ మార్చగానే ఫలితం మారింది, ఇది మోసమా సార్?

ప్రశ్న: సార్, నమస్కారం. ఉప్పల్ వైపు ఒక ప్రైవేటు స్కూల్లో నాలుగో తరగతికి తెలుగు చెబుతూ ఎం.ఎడ్. చదువుతున్నాను. సాయంత్రం మా స్కూల్ వ్యాన్ రెండో ట్రిప్పు కోసం 12 మంది పిల్లలు ముప్పావుగంట ఖాళీగా కూర్చుంటారు. డిసర్టేషన్ కోసం వాళ్లనే తీసుకున్నాను. దసరా సెలవుల తర్వాత ఆరు వారాలు, రోజూ పావుగంట కథలు గట్టిగా చదివించాను. మొదలుపెట్టే ముందు ఒకసారి, అయిపోయాక ఒకసారి, నిమిషంలో ఎన్ని మాటలు తప్పులేకుండా చదువుతున్నారో నేనే లెక్కపెట్టాను. రెండుసార్లూ ఒకటే పేజీ ఇచ్చాను. రెండోసారికి ఇద్దరు లేరు: ఒకరి నాన్నకు పని మారి వేరే ఊరు వెళ్లిపోయారు, ఇంకొకరికి డెంగ్యూ. మొదటిసారి వాళ్లు 24, 26 మాటలు చదివారు. మిగిలిన పదిమంది సగటు 39.8 నుంచి 44.6 అయింది. ఎక్సెల్‌లో టీ టెస్ట్ చేస్తే పీ వాల్యూ 0.39 వచ్చింది. ‘సిగ్నిఫికెంట్ కాదమ్మా, ఇంకొంతమంది పిల్లల్ని కలుపు’ అన్నారు మా గైడ్. నా ఫ్రెండ్ ‘పెయిర్డ్ పెట్టి చూడవే’ అంది. పెడితే 0.0006! సంతోషం కంటే టెన్షనే ఎక్కువైంది. అంకెలు అవే కదా. కావలసిన జవాబు వచ్చేదాకా టెస్టులు మారుస్తూ పోతే అది మోసం కాదా? వైవాలో అడిగితే ఏం చెప్పను? ఏప్రిల్‌లో సబ్మిట్ చేయాలి. – ఒక టీచర్

జవాబు: అమ్మా, 0.39 కాస్తా 0.0006 అయితే స్వీట్లు పంచినవాళ్లను చూశాను గానీ, భయపడి ఉత్తరం రాసినవాళ్లను చాలా తక్కువగా చూశాను. ఆ భయం మంచిదే, పోగొట్టుకోకండి. కానీ ఈసారి అది తప్పు చోట పట్టుకుంది. భయపడాల్సిన చోట్లు వేరే ఉన్నాయి, చివర్లో వాటి దగ్గరికి వస్తాను. కొత్త పాఠకుల కోసం ఒక మాట: పీ వాల్యూ అంటే, నిజంగా ఏ మార్పూ లేకపోయినా కేవలం చాన్సు వల్ల ఇంత తేడా గానీ, ఇంకా పెద్దది గానీ కనబడే అవకాశం. అది 0.05 కంటే తక్కువైతే ‘సిగ్నిఫికెంట్’ అనడం ఆనవాయితీ. పెయిర్డ్ అంటే ఒక్కో పిల్లాడి రెండు అంకెల్నీ ఒక జతగా చూసే టెస్ట్.

మీరు చేసింది మోసం కాదు. మొదట వాడిన టెస్టే మీ లెక్కకు సరిపోనిది. అయితే ‘0.0006 వచ్చింది కాబట్టి పెయిర్డే కరెక్ట్’ అని మాత్రం ఎక్కడా అనకండి, మనసులో కూడా అనుకోకండి. దసరా తర్వాత మొదటి రోజు నోట్‌బుక్‌లో పిల్లాడి పేరు రాసి, పక్కన అంకె వేసి, ఇంకో అంకె కోసం గడి ఖాళీగా వదిలారు చూడండి, టెస్ట్ అప్పుడే ఖాయమైపోయింది. అప్పటికి పీ వాల్యూ అన్నదే లేదు. పెయిర్డ్ పెడితే 0.6 వచ్చినా మీరు అదే వాడాలి, అదే రాయాలి. ‘రాసేదాన్నే’ అని గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పగలిగితే నిశ్చింతగా ఉండండి.

ఇక ఎందుకు అన్నది. రైతుబజార్‌లో ఒకాయన కాటా మీద అనుమానం వచ్చిందనుకోండి. మీరేం చేస్తారు? ఆయన తూచిన టమాటా సంచినే పక్క కాటా మీద పెట్టి చూస్తారు. ఉల్లిపాయల సంచినీ అలాగే, వంకాయల సంచినీ అలాగే. ఏ సంచికైనా రెండు కాటాలకూ ఎంత తేడా వస్తోందన్నదే ముఖ్యం. అంతేగానీ ఈ కాటా మీద తూగిన పది సంచుల సగటు ఒకవైపు, ఆ కాటా మీద తూగిన పది సంచుల సగటు ఇంకోవైపు రాసి, ‘సంచులే అరకిలో నుంచి ఐదు కిలోల దాకా ఉన్నాయి, ఇంత గందరగోళంలో యాభై గ్రాముల తేడా ఎలా తేలుతుంది?’ అని ఎవరైనా తల పట్టుకుంటారా? మీ మొదటి టెస్ట్ చేసింది సరిగ్గా అదే. సంచులు అవే అన్న సంగతి దానికి మీరు చెప్పలేదు.

మీరు పంపిన అంకెలు పాఠకుల కోసం ఇక్కడ పెడుతున్నాను. మొదటిసారి, రెండోసారి: 22–28, 35–39, 48–55, 30–32, 61–66, 40–39, 27–35, 53–56, 44–53, 38–43.

పిల్లలకు పిల్లలకు మధ్య ఎంత దూరముందో చూడండి. ఒకరు 22 దగ్గరుంటే ఇంకొకరు 61 దగ్గరున్నారు. మొదటిసారి అంకెల ప్రామాణిక విచలనం, అంటే సగటు చుట్టూ అవి ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత, సుమారు 12, రెండోసారీ అంతే. రెండు వరసల్నీ వేర్వేరు పిల్లలవి అన్నట్టు పోలిస్తే, 4.8 మాటల పెరుగుదల ఆ 12 మాటల హోరులో వినబడదు. సగటుల తేడాకు ప్రామాణిక దోషం (చాన్సు వల్ల ఆ తేడా ఎంత అటూ ఇటూ ఊగొచ్చో చెప్పే కొలత) 5.45 వస్తుంది, 4.8ని దానితో భాగిస్తే టీ విలువ 0.88. మీరు చూసిన 0.39 అక్కడిదే.

ఇప్పుడు ఒక్కో పిల్లాడి రెండో అంకెలోంచి మొదటిది తీసేయండి: 6, 4, 7, 2, 5, మైనస్ 1, 8, 3, 9, 5. ఇరవై అంకెలు పది అయ్యాయి. ఎవరింట్లో పుస్తకాలున్నాయి, ఎవరికి అమ్మ చదివి చెబుతుంది, ఎవరు ఒకటో తరగతిలోనే వెనకబడ్డారు, ఇవన్నీ రెండు అంకెల్లోనూ ఉన్నాయి కాబట్టి తీసివేతలో కొట్టుకుపోయాయి. మిగిలింది మార్పు ఒక్కటే. ఈ పది తేడాల సగటు 4.8, ప్రామాణిక విచలనం 2.97 మాత్రమే. దాన్ని పది వర్గమూలంతో భాగిస్తే ప్రామాణిక దోషం 0.94. 4.8ని 0.94తో భాగిస్తే టీ విలువ 5.1. పెయిర్డ్ టీ టెస్ట్ అంటే ఇంతే, ఇందులో ఇంకే గారడీ లేదు. అది రెండు గుంపుల టెస్టే కాదు. తేడాలనే ఒకే ఒక గుంపు తీసుకుని, ‘దీని సగటు సున్నా అయి ఉండొచ్చా?’ అని అడిగే టెస్ట్.

ఎక్సెల్‌లో పొరపాటు ఎక్కడ జరిగిందో కూడా చెబుతాను, ఎందుకంటే ఈ ఒక్క అంకె దగ్గర తప్పిన డిసర్టేషన్లు నేను చాలా చూశాను. టీ.టెస్ట్ ఫంక్షన్‌లో రెండు వరసలూ ఇచ్చాక, తోకలెన్ని (పెరుగుదల, తగ్గుదల రెండువైపులా చూడాలా, ఒకవైపే చూడాలా) అని అడిగి, చివర్లో టైప్ అడుగుతుంది. 1 అంటే పెయిర్డ్. 2, 3 రెండూ వేర్వేరు గుంపులకు. మీరు 2 కొట్టి ఉంటారు.

వైవాలో నోటి లెక్కగా చెప్పడానికి ఇంకో దారి ఉంది, నాకు అదే ఎక్కువ ఇష్టం. కథలు చదివించడం వల్ల ఏమీ జరగలేదని కాసేపు ఒప్పుకుందాం. పుస్తకాల్లో శూన్య పరికల్పన అనేది దీన్నే. అప్పుడు రెండోసారి చదివేటప్పుడు ఒక పిల్లాడికి నాలుగు మాటలు పెరగడానికీ తగ్గడానికీ సమానంగా వీలుండాలి, రూపాయి బిళ్ల ఎగరేసినట్టు. బొమ్మ పడితే పెరిగింది, బొరుసు పడితే తగ్గింది. పది బిళ్లలు పడే తీరులు మొత్తం 1024. పదికి పదీ బొమ్మలు పడేది ఒక్క తీరు. తొమ్మిది బొమ్మలు, ఒక బొరుసు పడేవి పది తీరులు. మీ క్లాసులో తొమ్మిది మందికి పెరిగింది, ఒకరికి తగ్గింది. అంటే అంత వింత గానీ, అంతకంటే వింత గానీ జరిగే తీరులు 11. తొమ్మిది మందికి తగ్గి ఉన్నా మనం అంతే ఆశ్చర్యపోయేవాళ్లం కాబట్టి అటువైపు 11 కూడా కలపాలి. 22ను 1024తో భాగిస్తే సుమారు 0.02. కాలిక్యులేటర్ కూడా అక్కర్లేదు. దీన్ని సైన్ టెస్ట్ అంటారు.

సైన్ టెస్ట్ పెరిగిందా తగ్గిందా అనే చూస్తుంది, ఎంత అని చూడదు. 1945లో ఫ్రాంక్ విల్‌కాక్సన్ అనే అమెరికన్ రసాయన శాస్త్రవేత్త, తేడాలను చిన్నదాని నుంచి పెద్దదాకా ర్యాంకులు వేసి చూద్దామన్నాడు. మీ దగ్గరున్న ఒక్క మైనస్సూ అన్నిటికంటే చిన్న తేడా కాబట్టి, ఆయన పద్ధతిలో పీ వాల్యూ 1024లో 4, అంటే దాదాపు 0.004 వస్తుంది. టీ టెస్ట్ తేడాల అసలు కొలతనే వాడుకుంటుంది, 0.0006 ఇస్తుంది. మూడు దారుల్లో వెళ్లినా ఒకే ఊరు చేరుతున్నాం. పరీక్షకులు ‘పదిమందికి టీ టెస్ట్ ఏంటి, నార్మాలిటీ ఏది?’ అంటే ఈ మూడూ ముందు పెట్టండి. అన్నట్టు, నార్మల్‌గా, అంటే సగటు చుట్టూ గంట ఆకారంలో పరుచుకుని, ఉండాల్సింది తేడాలే గానీ రెండు వరసలూ విడివిడిగా కాదు. ముందు అంకెలకొక గ్రాఫు, తర్వాత అంకెలకొక గ్రాఫు గీయించే అలవాటు కొన్ని కాలేజీల్లో ఎందుకొచ్చిందో నాకు తెలియదు. గీయాల్సింది ఆ పది తేడాలను.

మీకు జరిగినట్టే నూరేళ్లకు పైగా క్రితం అచ్చయిన ఒక లెక్కలోనూ కనిపిస్తుంది. టీ టెస్ట్ కనిపెట్టిన విలియం గాసెట్ డబ్లిన్‌లో గిన్నెస్ బీరు కంపెనీ ఉద్యోగి. ఉద్యోగులు సొంత పేరుతో వ్యాసాలు అచ్చు వేయకూడదన్నది కంపెనీ కట్టడి. అందుకే 1908లో ‘స్టూడెంట్’ అన్న మారుపేరుతో రాశాడు. ఆ వ్యాసంలో ఉదాహరణ నిద్రమందుల గురించి. పదిమంది రోగులు, ఒక్కొక్కరికీ రెండు మందులూ వేర్వేరుగా ఇచ్చి, ఎన్ని గంటల నిద్ర పెరిగిందో చూశారు. ఒక మందుతో సగటున 0.75 గంట, రెండోదానితో 2.33 గంటలు పెరిగింది. ఆ అంకెల్ని ఈరోజు రెండు విడి గుంపులుగా లెక్కేస్తే పీ వాల్యూ 0.08 దగ్గర ఆగుతుంది. ఏ రోగికి ఆ రోగి తేడా తీస్తే 0.003 వస్తుంది. గాసెట్ తేడాలతోనే లెక్క కట్టాడు. అంటే ఈ టెస్ట్ పుట్టిన వ్యాసంలోనే జతలున్నాయి, మీ ఫ్రెండ్ కొత్తగా కనిపెట్టిన అడ్డదారేమీ కాదు. గాసెట్ లెక్కకు గణిత పునాది గట్టిగా వేసిందేమో ఇంగ్లండ్ గణాంక శాస్త్రవేత్త ఫిషర్. ఆ ఫిషర్ దగ్గర కేంబ్రిడ్జిలో పీహెచ్‌డీ చేసింది మన గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు గారు, ఆయన పేరు మీద గచ్చిబౌలిలో సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలో సంస్థ ఉంది. డబ్లిన్ బీరు కంపెనీలో మొదలైన వంశం మన ఊరి దాకా వచ్చిందన్నమాట.

జతకు కూడా ఒక ఖర్చుంది. విడి గుంపులైతే స్వేచ్ఛా పరిమాణాలు (డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్, అంటే లెక్కలో స్వేచ్ఛగా మారగలిగే అంకెలు) 18, జతలైతే 9 మాత్రమే. 5 శాతం దగ్గర టీ విలువ దాటాల్సిన గీత 2.10 నుంచి 2.26కి జరుగుతుంది. ముందు అంకెకూ తర్వాత అంకెకూ సంబంధమే లేకపోతే ఈ ఖర్చు దండగ. మీ పిల్లల్లో ఆ రెండిటి మధ్య సహసంబంధం (రెండూ ఎంతగా కలిసి నడుస్తాయో చెప్పే కొలత, గరిష్ఠం 1) 0.97, కాబట్టి పెట్టిన ఖర్చుకు ఎన్నో రెట్లు తిరిగొచ్చింది.

అసలు మోసం ఎలా ఉంటుందో కూడా చెబుతాను, మీరు చేసినదానికీ దానికీ తేడా తెలియాలి కదా. ఒకసారి ఒక అబ్బాయి ఎ సెక్షన్ మార్కులు, బి సెక్షన్ మార్కులు తెచ్చాడు. వేర్వేరు పిల్లలు. రెండు వరసల్నీ చిన్న మార్కు నుంచి పెద్ద మార్కు వరకు సర్ది, పక్కపక్కన పెట్టి పెయిర్డ్ కొట్టాడు. సర్దాక సహసంబంధం ఆకాశానికి అంటదా మరి! పీ వాల్యూ తళతళలాడింది. ‘ఎ సెక్షన్‌లో ఆఖరి పిల్లాడికీ, బి సెక్షన్‌లో ఆఖరి పిల్లాడికీ ఏమిటి నాయనా చుట్టరికం?’ అంటే జవాబు లేదు. జత అనేది అంకెలు రాకముందే ఉండాలి. అదే పిల్లాడు, అదే సంచి, ఒక తల్లి కన్న కవలలు, ఒక మనిషి రెండు కళ్లు, పక్కపక్క మడులు, ఇవి జతలు. ఎక్సెల్‌లో పక్కపక్క గడులు జతలు కావు.

దీనికి తలకిందులు తప్పు ఇంకొకటి. ఒక ఫిజియోథెరపీ అమ్మాయి నలభై మంది నడుం నొప్పి వాళ్ల దగ్గర ముందు, తర్వాత ఫారాలు నింపించింది. గోప్యత అని ఎవరి పేరూ రాయించలేదు, కనీసం నంబరైనా వేయలేదు. ఏ ‘ముందు’ ఫారం ఏ ‘తర్వాత’ ఫారానిదో దేవుడికే తెలియాలి. జతలున్నాయి, కానీ పోయాయి. ఆరు నెలల శ్రమలో సగం పైగా అలా నీళ్లపాలైంది. మీరు పేర్లు రాశారు, బతికిపోయారు.

గైడ్ గారి మాట గురించి ఒకటి చెప్పాలి, ఆయనతో మాత్రం మెల్లగా చెప్పండి. ‘సిగ్నిఫికెంట్ కాలేదు, ఇంకొంతమందిని కలుపు’ అన్నది వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ ఫలితం చూశాక కలిపి, మళ్లీ చూసి, రాకపోతే మళ్లీ కలిపి, 0.05 తగలగానే ఆపేస్తే, ఏ మార్పూ లేని చోట కూడా ఎప్పుడో ఒకప్పుడు అది తగులుతుంది. మీరు భయపడ్డ మోసం నిజానికి ఉండేది ఇక్కడ. ఎంతమంది కావాలన్నది మొదలుపెట్టకముందే తేల్చుకోవాలి. అలాగే ఎవరైనా ‘తోక ఒకటి చేస్తే పీ సగమవుతుంది’ అంటే విని ఊరుకోండి.

0.0006 అంటే కథల క్లాసు పనిచేసిందనడానికి 99.94 శాతం గ్యారంటీ అని రాయకండి. మార్పేమీ లేకపోయుంటే ఇంత పెద్ద టీ విలువ రావడం పదివేలల్లో ఆరుసార్లు జరిగే సంగతి, దాని అర్థం అంతవరకే. దానికంటే పనికొచ్చేది ఇంకోటుంది: సగటు పెరుగుదలకు 95 శాతం విశ్వాస అంతరం, అంటే అసలు పెరుగుదల ఉండొచ్చని ఈ అంకెలు చూపించే హద్దులు, 2.7 నుంచి 6.9 మాటలు. పీ వాల్యూ పక్కన దీన్ని తప్పక రాయండి. నిమిషానికి ఐదు మాటలు పెరగడం పెద్ద విషయమా, చిన్న విషయమా అన్నది టెస్ట్ చెప్పదు. నాలుగో తరగతి టీచరు చెప్పాలి. 22 దగ్గరున్న పిల్లకు 28 అంటే నా లెక్కలో చాలా పెద్ద విషయం.

ఇప్పుడు నిజంగా భయపడాల్సిన చోటు. మీ టెస్ట్ చెప్పింది ‘పిల్లల చదువు పెరిగింది’ అని. ‘కథల వల్ల పెరిగింది’ అని అది చెప్పలేదు, చెప్పే శక్తి దానికి లేదు కూడా. రెండుసార్లూ అదే పేజీ ఇచ్చారు. తొమ్మిదేళ్ల పిల్లల జ్ఞాపకం మామూలుది కాదమ్మా, ఆ పేజీలో కష్టమైన మాటలు ఇంటికెళ్లి అడిగినవాళ్లు ఉండే ఉంటారు. ఆరు వారాలు క్లాసులో మామూలు పాఠాలూ జరిగాయి. పైగా లెక్కపెట్టింది మీరు, పెరగాలని కోరుకున్నదీ మీరే. గడియారం ముల్లు నిమిషం దాటుతుంటే సగం పలికిన మాటను మొదటిసారి వదిలేసి, రెండోసారి కలిపి ఉండొచ్చు, మీకే తెలియకుండా. ఒక మంచి పని మాత్రం చేశారు: అందరికంటే వెనకబడ్డ పిల్లల్ని ఏరకుండా వ్యాన్ కోసం ఆగేవాళ్లందర్నీ తీసుకున్నారు. ఏరి ఉంటే, బాగా తక్కువ వచ్చినవాళ్లు రెండోసారి ఏమీ చేయకపోయినా కొంత పైకి వచ్చేవారు, అదొక తలనొప్పి అయ్యేది.

బడిపిల్లలతో చేసిన ప్రయోగం ఎంత పెద్దదైనా ఇలా కాలు జారొచ్చని 1930లో స్కాట్లండ్‌లో తేలింది. లానార్క్‌షైర్‌లో 67 బడుల్లో 20 వేల మంది పిల్లలు, సగం మందికి నాలుగు నెలలపాటు రోజూ పాలు ఇచ్చి ఎత్తు, బరువు కొలిచారు. ఎవరికి పాలివ్వాలో చీటీలతోనో, అక్షర క్రమంలోనో తేల్చాలి. కానీ రెండు గుంపులూ సమానంగా కనబడకపోతే పిల్లల్ని మార్చుకునే వెసులుబాటు బడులకిచ్చారు. టీచర్లు కదా, మనసు ఊరుకోదు. బక్కచిక్కిన పిల్లలు కొందరు పాల గుంపులోకి జరిగారు. మొదలయ్యేసరికే పాలు లేని గుంపు పిల్లలు ఎత్తులో, బరువులో ముందున్నారు. పైగా తూచింది బట్టలతోనే: మొదటిసారి ఫిబ్రవరి చలిలో, రెండోసారి జూన్‌లో. ఉన్నింటి పిల్లలు జూన్‌లో బరువైన బట్టలు వదిలేస్తారు, ఒకే జత ఉన్నవాళ్లు ఏం వదులుతారు? మరుసటి ఏడు దీన్ని ఉతికి ఆరేసింది మన గాసెటే. ఆయన ఇచ్చిన సలహా ఏమిటో తెలుసా? ఒకే పోలిక కవలలను 50 జతలు తీసుకుని, ప్రతి జతలో ఒకరికి పాలిస్తే, ఈ 20 వేల మంది కంటే నమ్మదగిన జవాబు వస్తుందని.

మీకు 50 జతల కవలలు దొరకరు గానీ, ఏప్రిల్ దాకా టైం ఉంది. సంక్రాంతి సెలవుల తర్వాత ఇంకో ఆరు వారాలు పెట్టుకోండి. పక్క సెక్షన్లలో రెండో ట్రిప్పు కోసం ఆగే పిల్లల్ని కలిపితే ఇరవై మంది దాకా రావచ్చు. మీ టీచరు మనసుకు పని చెప్పకుండా చీటీలు తీయండి. సగం మందికి కథలు, సగం మందికి అదే పావుగంట బొమ్మలు గీయడం. ఒకే కష్టం ఉన్న పేజీలు రెండు తయారు చేసి, కొందరికి ఒకటి ముందు, కొందరికి రెండోది ముందు ఇవ్వండి. చదివింది ఫోన్‌లో రికార్డు చేసి, ఏది ముందుదో ఏది తర్వాతదో, ఎవరు ఏ గుంపో చెప్పకుండా వేరే టీచరుతో లెక్కపెట్టించండి. ప్రతి పిల్లాడికీ ఒక తేడా వస్తుంది. కథల గుంపు తేడాలు ఒక వరస, బొమ్మల గుంపు తేడాలు ఇంకో వరస. ఇప్పుడు ఈ రెండు వరసలూ నిజంగానే వేర్వేరు పిల్లలవి. కాబట్టి ఇక్కడ పెయిర్డ్ పెట్టకూడదు, మీరు మొదట పొరపాటున కొట్టిన టైప్ 2నో, ఇంకా నయం 3నో కొట్టాలి. బొమ్మల గుంపుకు మార్చిలో కథలు చెప్పడం మరిచిపోకండి, లేకపోతే పేరెంట్స్ మీటింగ్‌లో మీకు దెబ్బలాటే.

ఆ రెండో విడత కుదరకపోయినా మీ పది జతల ఫలితం పనికిరానిదేమీ కాదు. ఏ టెస్టులు చేశారో రెండూ రాయండి, మొదటిది ఎందుకు సరిపోదో ఒక వాక్యంలో రాయండి. దాచడానికి ఏమీ లేదు. పేజీ ఒకటే కావడం, పోల్చడానికి వేరే గుంపు లేకపోవడం, లెక్కపెట్టింది మీరే కావడం పరిమితుల కింద మీరే పెట్టేయండి. పరీక్షకులు పట్టుకున్నాక చెప్పేకంటే అది మేలు. ఇంకా సందేహముంటే, మీ ఉప్పల్ పక్కనే హబ్సిగూడలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ శాఖ ఉంది. ఒక సాయంత్రం వెళ్లి అడిగి చూడండి.

వెళ్లిపోయిన ఇద్దరి సంగతి. జతలో ఒక అంకె లేకపోతే తేడా లేదు, కాబట్టి పెయిర్డ్ టెస్టులో వాళ్లు ఉండరు. లేని అంకెను సగటుతో నింపకండి. కొందరు మొదటిసారి సగటుకు 12 మందినీ, రెండోసారి సగటుకు పదిమందినీ తీసుకుంటారు. అలా చేస్తే మీకు 37.3 నుంచి 44.6, అంటే 7.3 మాటల పెరుగుదల కనిపిస్తుంది. అందులో రెండున్నర మాటలు ఏ పిల్లాడూ చదవకుండానే పెరిగినవి, తక్కువ చదివే ఇద్దరు జాబితాలోంచి జారిపోయినందుకు వచ్చినవి. ఇద్దరూ కింది వైపు పిల్లలేనన్న సంగతి, వాళ్లెందుకు లేరన్న కారణం, మొదటి అంకెలతో సహా రాయండి. డెంగ్యూ వచ్చిన పాప తిరిగి బడికి వస్తే చదివించండి, కానీ ఆ అంకెను ఈ పదిలో కలపకుండా విడిగా పెట్టండి.

40 నుంచి 39కి వచ్చిన పిల్లాడి గురించి మీరు ఏమీ రాయలేదు. లెక్కలో ఆ ఒక్క మాట తేడాకు విలువ లేదు. కానీ మిగతా తొమ్మిది మందికీ కదిలినది వాడికి ఎందుకు కదల్లేదో చూడండి. ఆ ఆరు వారాల్లో ఎన్ని రోజులు వచ్చాడో హాజరు పట్టీలో ఉంటుంది. బోర్డు మీద అక్షరాలు కళ్లు చిట్లించి చూస్తున్నాడేమో కూడా గమనించండి.